ఆచంద్రార్కం

2006లో, ఇంజనీరింగ్ మొదటి ఏడాది సెలవుల్లో, నంద్యాలలో ఒక నెట్‌సెంటర్లో కూర్చుని ఓ ఉచిత హోస్టింగ్ సేవలో నాకంటూ సైటు పెట్టుకున్నాను. తాత చెప్పిన అహోబిలం పారువేట కబుర్లు అందులో రాశాను. తెలుగు అక్షరాలు అందరికీ కనబడవేమోనని పేజీలన్నీ బొమ్మలుగా మార్చి ఎక్కించాను. కొన్నేళ్ళకు ఆ సేవ మూతపడింది. ముందే మెయిలు పంపారట, నేను చూసుకోలేదు. అప్పటికి తాత కూడా లేడు.

ఇది నా ఒక్కడి గోడు కాదు. 1994లో పుట్టిన జియోసిటీస్‌ను యాహూ 1999లో కొనుక్కుని, 2009 అక్టోబరులో మూసేసింది. కొంతైనా మిగిలిందంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్, ఆర్కైవ్ టీమ్ లాంటివాళ్ళు కాపీలు తీసిపెట్టబట్టే.

డబ్బు తీసుకోనివాడికి బాధ్యత ఉంటుందా? ఉంటుందనే నా ఉద్దేశం. పొరుగువాళ్ళు ఊరెళుతూ తాళంచెవి ఇచ్చిపోతే మనం కిరాయి పుచ్చుకోం. అయినా పోగొడితే తప్పు మనదే. కానీ ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కాగితాన్ని కూడా ఆ తాళానికే వదిలేసిన నా తప్పో?

మన దానశాసనాలు ‘ఆచంద్రార్కం’ అని మాటిస్తూనే, చెరిపినవాడికి పాపమని శాపం కూడా పెట్టేవి. అంటే వాళ్ళు రాయిని కూడా పూర్తిగా నమ్మలేదన్నమాట! తర్వాత వచ్చే మనుషులతో మాట్లాడారు. మొన్న ఆళ్ళగడ్డలో శిల్పుల షెడ్ల ముందు నిలబడితే ఇదే తోచింది: చెక్కేది శిల్పి, కాపాడాల్సింది ఊరు.

ఆ కబుర్లు మళ్ళీ రాస్తున్నాను. సగం గుర్తులేవు. ఈసారి ఒక కాపీ చెల్లెలి దగ్గర ఉంచాను.