ముగిసిన కేసును తిరగేసేదెవరు?

పల్నాడు పల్లెల్లో వర్గపోరు హత్య దాకా వెళ్తే చంపినవాళ్ల పేర్లతోనే ఎఫ్‌ఐఆర్ ఆగదు. చాలాసార్లు ఎదుటి వర్గంలో చురుగ్గా తిరిగేవాడూ, పొలం గట్టు తగాదా ఉన్నవాడూ ఏ1, ఏ2 వరుసలోకి ఎక్కేస్తారు. గుంపు కేసుల్లో ఒక్క సాక్షి మాట మీద శిక్ష వేయకపోవడం మేలని సుప్రీంకోర్టు 1964లోనే అంది. జల్లెడ ఉందన్నమాట. కానీ దాన్నీ దాటి ఒక నిర్దోషి జైలుకు పోతే? గురజాలలోనో నరసరావుపేటలోనో శిక్ష పడినవాడు పొలం అమ్మి హైకోర్టుకు వెళ్లాలి. అక్కడా ప్రభుత్వ న్యాయవాది అతనికి ఎదురుగానే నిలబడతాడు.

తప్పు జరిగిందేమోనని వెనక్కి వెళ్లి చూడాల్సిన ధర్మం ఎవరిది? శిక్ష పడినవాడిదా, వేయించినవాడిదా?

ఆదిపర్వంలోని మాండవ్యుడి కథ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. దొంగలు సొత్తును ఆయన ఆశ్రమంలో దాచారు. మౌనవ్రతంలో ఉన్న ముని భటులకు జవాబు చెప్పలేదు. ఆ మౌనాన్నే నేరంగా ఎంచి కొరత వేశారు. నిజం తెలిశాక రాజు తానే వచ్చి క్షమాపణ అడిగాడు, శూలం లాగబోతే రాక కోయించాడు, ముక్క ఒంట్లోనే ఉండిపోయింది. ముని అక్కడితో ఊరుకోలేదు. యమధర్మరాజు దగ్గరికే వెళ్లి ఏ పాపానికి ఈ శిక్ష అని నిలదీశాడు. చిన్నతనంలో పురుగులను గుచ్చినందుకని జవాబొచ్చింది. అంత చిన్న తప్పుకు ఇంత శిక్షా అని శపిస్తే ధర్ముడు విదురుడై పుట్టాల్సి వచ్చింది. ధర్మదేవతకే పునర్విచారణ తప్పలేదు. మన వ్యవస్థకు మాత్రం ఆ బెంగ లేదు.

2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. ఆ కేసులో పోలీసులు పట్టుకున్న యువకుడికి 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. అసలు దోషి అతను కాదని ఆ అమ్మాయి కన్నవాళ్లే చెబుతూ వచ్చారు. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చి, లక్ష రూపాయలు ఇమ్మంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. తర్వాత దర్యాప్తు మళ్లీ మొదలైతే, కోర్టులో భద్రపరచాల్సిన సాక్ష్యాధారాలే ధ్వంసమయ్యాయని బయటపడింది. ఇక తిరగేయడానికి ఏం మిగిలినట్టు?

అమెరికాలోని డల్లాస్‌లో 2007లో క్రెయిగ్ వాట్కిన్స్ అనే ప్రాసిక్యూటర్ తన కార్యాలయంలోనే ఒక విభాగం పెట్టి పాత శిక్షలను తిరగేయించాడు. అలాంటి విభాగాల పని తేలికేం కాదు. పాత ఫైలు మొదటినుంచీ చదవాలి, నిందితుడి లాయరుకు చూపించని కాగితాలుంటే ఇవ్వాలి, సాక్షులను మళ్లీ అడగాలి, దాచిన నమూనా ఉంటే డీఎన్‌ఏ పరీక్షకు పంపాలి, తప్పని తేలితే తామే కోర్టుకెళ్లి ఒప్పుకోవాలి. డల్లాస్‌కు కలిసొచ్చిన సంగతి ఒకటుంది: అక్కడ పాత నమూనాలను పారేయకుండా ఉంచారు.

మన లా కమిషన్ 2018లో ఇచ్చిన 277వ నివేదిక ఇలాంటివారికి పరిహారం గురించి మాట్లాడింది. పరిహారం అవసరమే, కాకపోతే అది నిర్దోషి అని తేలాక అందేది. తేల్చే పని ఎవరిదో ముందు చెప్పాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత జిల్లాకొక ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ పెట్టుకోవచ్చంది. కేసులు త్వరగా నడిపించడం, అప్పీలు వేయాలా వద్దా చెప్పడం ఆ వ్యవస్థ పనుల్లో ఉన్నాయి. శిక్ష పడిన పాత ఫైలును అనుమానంతో తెరవడం వాటిలో లేదు. ఆ పనిని రాష్ట్ర ప్రభుత్వం పల్నాడు జిల్లాతోనే మొదలుపెట్టాలి.