ఎక్కడికని ఎవరూ అడగని మనిషి

2022 నవంబర్ 15న కృష్ణ చనిపోయారు. ఆ వారమంతా టీవీల్లో ఆయన సినిమాలే. నేనప్పుడు సున్నిపెంటలో మా పెద్దమ్మ దగ్గర వున్నాను. డెబ్బయి ఏడేళ్ల మనిషి, 'మోసగాళ్లకు మోసగాడు' వస్తోందని తెలిసి మంచాన్ని టీవీకి దగ్గరగా జరిపించుకుంది. సినిమాల్లో స్త్రీల చిత్రణ గురించి పాతికేళ్లుగా కాలేజీలో పాఠాలు చెబుతున్న నేను కూడా ఆమె పక్కనే కూర్చుని రెప్ప వెయ్యకుండా చూశాను. సినిమా అయ్యాక నాకు సిగ్గేసింది. ఆమెకు వెయ్యలేదు. ఆ తేడా ఎందుకొచ్చిందా అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను.

1971 ఆగస్టు 27న విడుదలైన సినిమా అది. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. కథ, మాటలు ఆరుద్ర. 'త్వమేవాహం' రాసిన కవి, 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' కూర్చిన పండితుడు, గుర్రాలూ తుపాకులూ నిధివేటా కూడా రాశారు. ఇసుక కోసం రాజస్థాన్ వెళ్లారు. ఆ ఇసుక వెనక ఇంకో ఇసుక వుంది. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే 1964 నుంచి 1966 దాకా మూడేళ్లలో మూడు సినిమాలు తీశాడు. అమెరికా కథను స్పెయిన్‌లోని అల్మేరియా ఎడారుల్లో చిత్రించాడు. అందులో మొదటిది జపాన్ దర్శకుడు కురొసావా 'యొజింబో'కి అనుకరణ. అంటే జపాన్ కత్తి ఇటలీలో తుపాకీ అయింది, అది మద్రాసు మీదుగా మన పల్లెలకొచ్చింది. ఏ దేశానికీ చెందని కథ ఇన్ని దేశాల్లో సొంతమైందంటే అది ఏదో ఒక ఆకలిని తీర్చి వుండాలి. కృష్ణ పోయాక, 2023 మే 31న ఈ సినిమాను మళ్లీ హాళ్లలో వేస్తే జనం వెళ్లి చూశారు. ఆకలి ఇంకా తీరలేదన్నమాట.

కానీ ఆ విందులో మన విస్తరి ఎక్కడ? లియోనే మొదటి సినిమాలో స్త్రీ బందీ. రెండోదాంట్లో ఆమె ఒక జేబుగడియారం పాట. అత్యాచారానికి గురై తనను తాను కాల్చుకున్న చెల్లెలి జ్ఞాపకం అది. ఆమె చావు ఇద్దరు మగవాళ్ల ద్వంద్వయుద్ధానికి సంగీతమవుతుంది. మూడోదాంట్లో ఆడవాళ్లు దాదాపు లేరు. నా సిగ్గుకు కారణం ఇదే. నన్ను తుడిచేసి గీసిన బొమ్మను నేను ఎందుకు ఇష్టపడుతున్నాను? పితృస్వామ్యం నాలోపలికి ఎంత దూరం వచ్చేసిందో చెప్పడానికి ఇది సాక్ష్యమా?

ఈ మాటనే కొంచెం తేలిక చేసి పెద్దమ్మను అడిగాను. "అంత బాగుందా నీకు? అందులో ఆడవాళ్లకి ఏముంది?" అని.

"ఆడోళ్లకేముంటాది పాపా. ఆ పిల్లోణ్ణి చూడు. గుర్రమెక్కినాడంటే యాడికి పోతాండావని అడిగేవాళ్లు లేరు" అంది.

పెద్దమ్మను అత్తగారి వూరు ఆళ్లగడ్డ దగ్గర పల్లెకిచ్చారు. 1973లో పెద్దనాన్నను చంపేశారు. ఎవరు, ఎందుకు అనేది ఆ ప్రాంతంలో ఒక్క చావుతో మొదలయ్యే కథా కాదు, ముగిసేదీ కాదు. ఆమెకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు, కొడుక్కి అయిదేళ్లు. దినాలు అయ్యాక ఆ ఇంట్లో ఆమెకు రెండు మాటలు మిగిలాయి. వాకిలి దాటితే "యాడికి?" అనే మాట ఒకటి. రెండోది కొడుకును చూపించి అనే మాట, "వీడు పెద్దోడు కానీ" అని. ఆ రెండో మాటకే ఆమె ఎక్కువ భయపడింది. 1974లో ఒకరోజు తెల్లవారకముందే కొడుకును చంకనేసుకుని బస్సెక్కి నంద్యాల, అక్కణ్ణుంచి ఆత్మకూరు మీదుగా సున్నిపెంట వచ్చేసింది. మా నాన్న అక్కడ ప్రాజెక్టులో గుమాస్తా.

సున్నిపెంట ఆనకట్ట కోసం పెరిగిన వూరు. 1963లో శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేశాక నల్లమలలో చెట్లు కొట్టి క్వార్టర్లు, షెడ్లు, కూలీల గుడిసెలు వేశారు. ఎక్కడెక్కడి మనుషులో వచ్చారు. నీ గతమేమిటని ఒకరినొకరు పెద్దగా అడిగేవాళ్లు కాదు. కౌబాయ్ సినిమాల్లో కొత్తగా పుట్టే ఊళ్లు సరిగ్గా ఇలాగే వుంటాయి. ఆ సినిమాల్లోలాగే ఇక్కడ కూడా ముందునుంచీ వున్న చెంచులు బొమ్మ అంచున వుండిపోయారు. నీళ్లు నిండే వేళకు, 1981లో, ఎగువన వంద దాకా ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ వూళ్ల కథకు హీరో లేడు.

పెద్దమ్మకు దొరికిన పని నీళ్లు మోయడం. బండల మీద పనిచేసే కూలీలకు ఎండలో బిందెతో నీళ్లందించాలి. సాయంత్రాలు ఎప్పుడైనా కాలనీలో రెండు గుంజలకు తెల్లగుడ్డ కట్టి సినిమా వేసేవారు. ముందువైపు మగవాళ్లు నిండిపోయేవారు. ఆడవాళ్లమూ పిల్లలమూ తెర వెనక కూర్చునేవాళ్లం. అక్కణ్ణుంచి బొమ్మ తిరగబడి కనిపిస్తుంది. కృష్ణ ఎడమచేతి వాటమని పెద్దమ్మ చాలా ఏళ్లు నమ్మింది. మొన్న టీవీలో చూస్తూ కూడా "ఇదేంది, కుడిచేత్తో కాలుస్తాండాడు?" అంది.

అదే సినిమాను తెరకు అటువైపు కూర్చున్నవాళ్లు వేరుగా చూశారు. వాళ్లు తుపాకీని చూశారు. పగ తీరడాన్ని చూశారు. తర్వాత తుపాకీ స్థానంలో వేటకొడవలి, నాటుబాంబు వచ్చాయి. గుర్రాల స్థానంలో సుమోలు వచ్చాయి. 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) లాంటి సినిమాలు మా జిల్లాల దుమ్మును వెండితెరకు ఎక్కించాయి. వాటిలో విధవరాలు పగకు పనికొచ్చే కన్నీళ్లు మాత్రమే. కాబట్టి బొమ్మ నిర్దోషి అని నేను అనను. ఒక చోట ఒక స్త్రీకి ఊపిరి పోసిన బొమ్మే పక్కన కూర్చున్న కుర్రవాడికి కత్తి ఎత్తడం ఎంత సొగసో నేర్పగలదు. రెండూ నిజమే. ఒక నిజంతో రెండోదాన్ని కొట్టెయ్యలేం.

అయితే స్త్రీ చేతికే తుపాకీ ఇస్తే? మన దగ్గర అదీ జరిగింది. కృష్ణ కౌబాయ్ కావడానికి ముందే, 1970లో, ఇదే దాస్ విజయలలితతో 'రౌడీరాణి' తీశారు. జనం ఎగబడి చూశారు. అయినా తేడా గమనించండి. రాణి గుర్రమెక్కాలంటే ముందు ఆమె కుటుంబం చావాలి. స్త్రీ ఇల్లు దాటడానికి ఇల్లు కాలిపోవడమొక్కటే అనుమతిపత్రం. లియోనే సినిమాల్లో క్లింట్ ఈస్ట్‌వుడ్‌కు పేరు కూడా అక్కర్లేదు. కారణం అసలే అక్కర్లేదు. వస్తాడు, పోతాడు. స్త్రీలకు దొరకనిది తుపాకీ కాదు, కారణం చెప్పకుండా వెళ్లిపోయే హక్కు. 'మోసగాళ్లకు మోసగాడు'లో నాయిక విజయనిర్మల ఆ తర్వాత కెమెరా వెనక్కి వెళ్లి, 1973లో యద్దనపూడి నవలతో 'మీనా' తీసి, ప్రపంచంలో అత్యధిక చిత్రాలు తీసిన మహిళా దర్శకురాలిగా 2002లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కారు. తెర మీద దొరకని చోటును ఆమె తెర బయట చేసుకున్నారు.

ఆ రాత్రి పెద్దమ్మకు లియోనే 1968లో తీసిన మరో సినిమా కథ చెప్పాను. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్'. పెళ్లాడి వచ్చేసరికే భర్తను చంపేసి వుంటారు. క్లాడియా కార్డినాలే వేసిన ఆ పాత్రకు మిగిలింది నీళ్లున్న కొంచెం నేల. అక్కడికి రైలు రాబోతోంది. చివర్లో తుపాకుల మగవాళ్లు చచ్చిపోవడమో వెళ్లిపోవడమో జరుగుతుంది. ఆమె రైలుపట్టాలు వేసే కూలీలకు నీళ్లు తీసుకెళుతుంది. "అచ్చం నీలాగే" అన్నాను, గొప్ప పోలిక దొరికిందని మురిసిపోతూ. ఇంకో ముక్క కూడా చెప్పాను. బయటికి వెళ్లబోయే ఆమెకు ఒక బందిపోటు సలహా ఇస్తాడు. ఎవడైనా వెనక చెయ్యివేస్తే ఏమీ జరగనట్టు వూరుకోమంటాడు.

పెద్దమ్మ కొంచెంసేపు మాట్లాడలేదు. "నాక్కూడా ఒకడు ఏసినాడు. బిందె వాని నెత్తిన కుమ్మరించినా. మేస్త్రీ ఆ పొద్దు కూలి కోసినాడు" అంది. మళ్లీ తనే అంది: "నీళ్లిచ్చేది బాగుందని సినిమా తీసేటోళ్లకు అనిపిస్తాది. మోసేటోళ్లకు మెడ నొప్పి."

నా పోలిక అక్కడితో ఆగిపోయింది. గుర్రం మీది మగవాడికి బదులు నీళ్లబిందె ఎత్తుకున్న స్త్రీని నిలబెట్టి, ఇదిగో అసలైన హీరో అని చూపిస్తే సరిపోతుందనుకున్నాను. అదీ ఒక బొమ్మే. అందులోనూ ఆమె ఎవరికో దాహం తీర్చాలి, ఎవరికో పనికిరావాలి. పెద్దమ్మ కోరుకున్నది ఆ గౌరవం కాదు. కాసేపైనా ఎవరికీ పనికిరాకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా వుండటం. కౌబాయ్‌లో ఆమె చూసింది ద్వంద్వయుద్ధాన్ని కాదు, దాని తర్వాత వచ్చే ప్రయాణాన్ని. అతను చంపి వెళ్లిపోతాడు. ఆమె చంపడం జరగకూడదని వెళ్లిపోయింది. ఆ కొడుకు డ్రైవరై, పెళ్లాం పిల్లలతో బతికే వున్నాడు.

నా సిగ్గు పూర్తిగా పోలేదు. పోవాలని కూడా లేదు. ఆ మనిషి దులపకుండా వదిలేసిన దుమ్మును ఎవరు వూడుస్తున్నారో, ఎవరి చావు అతని కథకు సంగీతమైందో అడుగుతూనే వుండాలి. కానీ ఆ బొమ్మలో వున్న కోరికను కూడా మగవాళ్లదేనని వాళ్లకే వదిలేసి రావడం న్యాయం కాదు. అది మనకూ రావలసిందే.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ చెప్పులేసుకుని, చేతికర్ర పట్టుకుని గేటు తీసింది. వంటింట్లోంచి నేను అలవాటుగా కేకేశాను.

"ఎక్కడికి పెద్దమ్మా?"

ఆమె వెనక్కి తిరగలేదు.