ఓర్పు అంటే దాచుకోవడమా?

ఈ వారం వీడియో తితిక్ష గురించి. దాని కోసం నోట్స్ రాస్తుంటే ఒక విషయం మాత్రం వీడియోలో ఇమడదనిపించింది. కొంచెం పర్సనల్, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది గోదావరిఖని. బాపు సింగరేణిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. అమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తెలిసి, ఆపరేషన్ అయ్యాక కీమో మొదలైంది. 21 రోజులకోసారి ఇద్దరూ రామగుండంలో రైలెక్కి సికింద్రాబాద్ వస్తారు. డాక్సోరుబిసిన్ అని రూహఫ్జా రంగులో ఒక మందు ఉంటుంది, అది ఎక్కించుకుని రెండు రోజులు నా ఫ్లాట్‌లో ఉండి వెళ్లిపోతారు. ఇక్కడే ఉండమంటే అమ్మ వినదు. "నీ పదకొండో అంతస్తుల నాకు ఊపిరాడది బిడ్డా" అంటుంది.

మొదటి సైకిల్‌లో వాంతులు ఆగలేదు. దూరం నుంచి ఏం చేయాలో తెలియక, గీత రెండో అధ్యాయం 14వ శ్లోకం మీద మనం చేసిన పాత వీడియో పంపించాను. చలీ వేడీ, సుఖం దుఃఖం వస్తాయి పోతాయి, ఓర్చుకోవాలి అన్న శ్లోకం. అమ్మ రెండుసార్లు విన్నది. "మంచిగ చెప్పిండ్రు" అన్నది. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

రెండో సైకిల్, తొమ్మిదో రోజు, శుక్రవారం. సాయంత్రం అమ్మకి ఒళ్లు వెచ్చబడింది. ఎవరికీ చెప్పకుండా పారాసిటమాల్ వేసుకుని దీపం పెట్టుకుంది. రాత్రి రెండింటికి వణుకు మొదలైతే అప్పుడు బాపుకి తెలిసింది. ఆ వేళప్పుడు కరీంనగర్ తీసుకెళ్లారు. తెల్లకణాలు దాదాపు లేవు. ఐదు రోజులు యాంటీబయోటిక్స్ ఎక్కించారు.

నేను వెళ్లి, ఎందుకు చెప్పలేదని కోపంగా అడిగాను. "నువ్వే గదరా ఓర్సుకోవాలె అన్నవ్. ఓర్సుకున్న" అన్నది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టర్ చెప్పాడు, అది ఇక్కడ రాయను.

శంకరులదిగా చెప్పే వివేకచూడామణిలో తితిక్షకి ఒక నిర్వచనం ఉంది. ప్రతీకారం వెతక్కుండా, చింత, విలాపం లేకుండా దుఃఖాలన్నిటినీ సహించడం. చదివితే అమ్మ చేసింది కరెక్టే అనిపిస్తుంది. మందు అడగలేదు, ఏడవలేదు, సహించింది. కానీ అది మోక్షం కోసం గురువు దగ్గరికి వచ్చిన సాధకుడికి చెప్పిన మాట. గీతలో అయితే, ఓర్చుకో అన్న కృష్ణుడే నాలుగు శ్లోకాలు దాటకముందే యుద్ధం చెయ్యమన్నాడు. ఓర్చుకోవడం, చేయాల్సింది చేయడం, రెండూ ఒకే మనిషికి, ఒకే పూట చెప్పాడు. నేను మొదటి సగమే కట్ చేసి అమ్మకి పంపాను.

రమణ మహర్షి ఎడమ చేతికి సార్కోమా వచ్చింది. నాలుగుసార్లు ఆపరేషన్ చేశారు. చెయ్యి తీసేస్తామంటే మాత్రం వద్దన్నారు. మిగతా వైద్యం చేయనిచ్చారు. 1950 ఏప్రిల్ 14న దేహం వదిలారు. రామకృష్ణ పరమహంసకి గొంతు క్యాన్సర్, 1886లో పోయారు. "అంత భక్తి ఉన్నామెకి ఇట్లెందుకయింది" అని మా బంధువొకాయన అమ్మ ముందే అన్నప్పుడు ఈ రెండు పేర్లూ చెప్పాను. ఆయన మళ్లీ మాట్లాడలేదు. ఇంకా, "ధైర్యంగా ఉండు" అని ఫోన్ చేసేవాళ్లు. మంచి మనసుతోనే చేస్తారు. కానీ సగంసార్లు ఆ మాటకి అర్థం, నువ్వు ఏడిస్తే నేను చూడలేను అని. అప్పుడు పేషెంటే మనల్ని ఓదార్చాలి.

నాకు విషయం అర్థం చేయించింది బాపు. పుస్తకాలేం చదవడు. బాయిలోకి దిగినప్పుడు ముందు పైకప్పుని తట్టి చూస్తారట. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, లోపల వదులైతే బోలు మోత వస్తుంది. "మోత తేడా ఇనవడ్డంక సప్పుడు చెయ్యకుంట పనిచేసేటోన్ని ధైర్యవంతుడంటరా? అందర్ని సంపుతడు వాడు" అన్నాడు. అమ్మ అటు తిరిగి పడుకుంది, కానీ వింటూనే ఉంది.

ఇప్పుడు ఇంట్లో పాత డైరీ ఒకటి ఉంది. బాపు దానికి మస్టర్ అని పేరు పెట్టాడు. పొద్దున, సాయంత్రం థర్మామీటర్ అంకె రాస్తాడు. 100.4 దాటితే మాత్ర వేయకుండా ముందు డాక్టర్‌కి ఫోన్. మాత్ర వేస్తే జ్వరం దాక్కుంటుంది, లోపల ఇన్ఫెక్షన్ దాక్కోదు. నేను చేసిచ్చిన ఎక్సెల్ షీట్‌ని ఎవరూ తెరవలేదు. తొమ్మిదో రోజు నుంచి పద్నాలుగు దాకా గుడికి, పెళ్లిళ్లకి పోవడం లేదు. వాంతుల మాత్ర తిన్నాక కాదు, తినడానికి అరగంట ముందు. అన్నం మూడు పూటలు కాదు, ఆరు పిడికిళ్లు. నోరు పుండైతే ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లు పుక్కిలిస్తుంది. ఏడుపొస్తే ఏడుస్తుంది. అది కూడా బాపు రాస్తున్నాడేమోనని నా అనుమానం.

జుట్టు రెండో సైకిల్‌కే పోయింది. వేములవాడ రాజన్నకి తలనీలాలు మొక్కుకుని ఉంది. "రాలిపోయినయి లెక్కల పడ్తయారా?" అని నన్నడిగింది. ఛానల్ నడిపేవాణ్ని కదా, నాకు తెలుస్తుందనుకుంది. మళ్లీ మొలిచాక ఇద్దువులే అన్నాను. సమ్మక్కకి నిలువెత్తు బంగారం మొక్కు కూడా ఉంది, అంటే తన బరువంత బెల్లం. మొన్న బరువు చూస్తే ఆరు కిలోలు తగ్గింది. "జల్ది తీర్సుకుంట బిడ్డా, గిప్పుడైతే బెల్లం తక్కువ పడ్తది" అని నవ్వింది. నవ్వుతూనే, కాళ్లు గుంజుతున్నయి, డాక్టర్‌కి చెప్పమన్నది.