జెరోము వదల్లేని పుస్తకాలు

4వ శతాబ్దపు క్రైస్తవ పండితుడు జెరోము తపస్సు కోసం ఇంటినీ బంధువులనూ విడిచాడు కానీ, రోములో కూడబెట్టుకున్న పుస్తకాలను వదల్లేకపోయాడు. ఉపవాసం ఉండి మరీ రోమన్ వక్త సిసెరోను చదివేవాడు. ఆ వెంటనే ప్రవక్తల గ్రంథాలు తెరిస్తే వాటి భాష మోటుగా తోచేది. తపస్కాలంలో తీవ్ర జ్వరంతో పడి ఉండగా ఒక కల వచ్చింది: అతడు క్రీస్తు మనిషి కాడు, సిసెరో మనిషి అని న్యాయపీఠం తేల్చి కొరడాలతో కొట్టించింది. లౌకిక గ్రంథాలు ఇక ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. 384లో రాసిన లేఖలో ఈ సంగతి తానే చెప్పాడు.

ఒట్టు నిలిచిందా అంటే, పూర్తిగా లేదనే చెప్పాలి. తర్వాతి రాతల్లోనూ రోమన్ కవి వర్జిల్ పలుకులు దొర్లాయి. ఒట్టు తప్పావని ఒకప్పటి మిత్రుడు రూఫినస్ దెప్పిపొడిస్తే, అది కలే కదా అన్నట్టు జవాబిచ్చాడు. మారింది చదువు సాగే దిక్కు. బేత్లెహేములో హీబ్రూ గ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చిన కలానికి పదును పెట్టింది ఆ పాత పుస్తకాలే.