సంబంధము వస్తువా?

వివాహమనునది స్వయముగా నొక వస్తువా, లేక ఇరువురి నడుమ నున్న సంబంధమాత్రమా యను ప్రశ్న ధర్మశాస్త్రజ్ఞుల సభలోనే పుట్టవలసినదని తలచువారికి, 1976లో పీటర్ చెన్ డేటాబేసుల రూపకల్పనను గూర్చి వెలువరించిన వ్యాసములో నదే ప్రశ్న పొడసూపినదనిన విస్మయము కలుగవచ్చును. పట్టికలు కట్టుటకు ముందు సమాచారస్వరూపమును చిత్రముగా గీసి చూడవలెనని, వస్తువునకు దీర్ఘచతురస్రమును సంబంధమునకు వజ్రాకృతిని నియమించిన ఆయన, వివాహమును ఏ ఆకృతిలో నిలుపవలెనో గీయువాని దృష్టికే విడిచిపెట్టెను.

మన వైశేషిక దార్శనికులు ఇంత సులభముగా విడిచిపెట్టువారు కారు. విడివడగల వాని కూడికను సంయోగమని గుణములలో చేర్చి, విడదీయరాని దానిని సమవాయమని వేఱు పదార్థముగా నిలిపిరి. విద్యార్థికిని పాఠ్యాంశమునకును గల సంబంధము మొదటి జాతిది. ఉద్యోగి పేరు లేనిదే కార్యాలయపు దస్త్రములలో నిలువజాలని ఆశ్రితుల వివరము, జంటగీతల దీర్ఘచతురస్రములో చూపబడునది, రెండవదానికి చేరువ. చేరువయే కాని అదియే కాదు: సమవాయము నిత్యము, ఉద్యోగము కాదు.

శంకరులు బ్రహ్మసూత్రభాష్యమున సమవాయముపై నెత్తిన ఆక్షేపము ఈ చిత్రమునకును తగులును. రెండింటిని కలుపుటకు సమవాయము కావలసినచో, ఆ సమవాయమును వానితో కలుపుటకు మఱియొకటి, దానికి వేఱొకటి కావలెను గదా! వజ్రాకృతి నుండి దీర్ఘచతురస్రములకు సాగు సన్నని గీతలేమిటి? వానికి తమదైన ఆకృతి లేదు. ఈ అంతులేని పరంపర, అనగా అనవస్థ, యంతయు ఆ గీతలలో దాగియున్నది.

చిత్రము పట్టికగా మారినప్పుడు గీతయు మిగులదు. 1970లో డేటాబేసు శాస్త్రజ్ఞుడైన కాడ్ ప్రతిపాదించిన పట్టికల విధానమున విద్యార్థుల పట్టికలోని సంఖ్యయే పాఠ్యాంశముల నమోదుల పట్టికలోను కనిపించును, అంతే. ఆ రెండును సమానములని కూర్చి చూచునది ప్రశ్నించువాని బుద్ధి. సంబంధము కల్పనయే యని సంబంధపరీక్షలో వాదించిన బౌద్ధతార్కికుడు ధర్మకీర్తి దీనిని చూచి సంతసించియుండును. అయితే, ఆ సంఖ్యల పొందికను కాపాడుటకు ఫారిన్ కీ యను నియమమును విధించినచో, నమోదులున్నంతవఱకు విద్యార్థి వరుసను తొలగింపబోయినను డేటాబేసు సాధారణముగా ఒప్పుకొనదు. కార్యము చేయగలిగినదే సత్తని చెప్పినవాడును ధర్మకీర్తియే గదా! అడ్డుపడినది నియమమే కాని సంబంధము కాదని ఆయన అనుయాయులు బదులు చెప్పవచ్చును. అప్పుడు ఆ నియమము దేనిని గూర్చినదో కూడ వారే చెప్పవలసియుండును.