గమ్యము చేరని పరుగు

భగవద్గీత ఆరవ అధ్యాయమున అర్జునుడు మనందరి పక్షమున ఒక ప్రశ్న అడిగినాడు. శ్రద్ధతో యోగమార్గమున అడుగుపెట్టి, మనస్సు చలించి, సిద్ధి పొందకమునుపే జారిపోయినవాని గతి యేమి? లోకసుఖమును విడిచినాడు, పరమును అందుకొనలేకపోయినాడు. ఉభయభ్రష్టుడైనట్లే కదా! ఏండ్ల తరబడి జపధ్యానములు సాగించియు ఫలము కానరాక నిట్టూర్చు సాధకునకు ఇది శాస్త్రచర్చ కాదు, గుండెకోత.

ఈ ప్రశ్నను కన్నులకు కట్టించు దృశ్యమొకటి దక్షిణాఫ్రికాలో కానవచ్చును. అచట డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరముల నడుమ కొండదారిని సుమారు 90 కిలోమీటర్ల పరుగుపందెము జరుగుచున్నది. దాని పేరు కామ్రేడ్స్ మారథాన్. మొదటి ప్రపంచయుద్ధమున పోరాడి తిరిగివచ్చిన విక్ క్లాఫమ్ అను రైల్వే ఉద్యోగి, మరణించిన తోడిసైనికుల సహనమునకు సజీవస్మారకముగా దీనిని నెలకొల్పెను. 1921 మే 24న 34 మంది బయలుదేరగా 16 మంది మాత్రమే గమ్యము చేరిరి. నేడు వేలకొలది జనులు పాల్గొనుచున్నారు. వారిలో మిక్కిలి మంది పగలెల్ల పనిచేసి, తెల్లవారుజామున లేచి అభ్యసించు సామాన్యులే. గెలుతుమన్న ఆశ వారికి లేదు. పూర్తిచేయవలెనన్న దీక్షయే కలదు.

పీటర్‌మారిట్జ్‌బర్గ్ మనకు క్రొత్త పేరు కాదు. 1893లో గాంధీజీని రైలునుండి దింపివేసినది ఆ ఊరి స్టేషనులోనే. 1860 మొదలు మద్రాసు రేవునుండి ఆ సీమ చెరకుతోటలకు తరలిన కూలీలలో తెలుగువారును కలరు. ఈ పందెమునందును 1975 వరకు స్త్రీలకు, శ్వేతేతరులకు అధికారికముగా చోటులేదు. అయినను 1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్ అను స్త్రీయు, 1935లో రాబర్ట్ మత్షాలి అను నల్లజాతీయుడును గుర్తింపు లేకయే పరుగెత్తి గమ్యము చేరిరి. పతకము నిరాకరింపగలిగిన వారు పరుగును ఆపలేకపోయిరి.

ఈ పందెమునకు 2003 నుండి పండ్రెండు గంటల గడువు. గడువు ముగియు క్షణమున ఒక అధికారి, వచ్చుచున్నవారి ముఖములు చూడకుండ వీపు త్రిప్పి నిలిచి తుపాకి పేల్చుట అచటి ప్రసిద్ధమైన ఆచారము. ఆ ధ్వని తరువాత ఒక్క క్షణము ఆలస్యమైనను పతకము లేదు. ఉదయమునుండి సాయంకాలము వరకు కొండలెక్కి దిగి, చివరి పది అడుగుల దూరమున నిలిచిపోయినవాని శ్రమ యేమైనట్లు? ఇదియే అర్జునుని ప్రశ్న.

మొదట అతని దేహమునే అడుగుదము. నెలల తరబడి సాగిన అభ్యాసముచే గుండె ఒక్కొక్క స్పందనకు హెచ్చు రక్తమును పంపనేర్చినది. కండరములలో సన్నని రక్తనాళములు పెరిగినవి. వీనిని పతకము ఈయలేదు, తుపాకి తీసికొనిపోలేదు. ఊపిరి త్వరగా లొంగును గాని, ఎముకలును స్నాయువులును ఆలస్యముగ బలపడును. అందుచేత ఉత్సాహము బలమును మించినవాడు గాయపడును. ఆహారవిహారములందు, నిద్రయందు, కర్మయందు మితము పాటింపుమని భగవానుడు ఇదే అధ్యాయమున విధించుట ఊరక కాదు. సాధనయందును మొదటివారపు ఆవేశముచే కూలినవారే ఎక్కువ.

ఆ పందెమున మరొక చక్కని పద్ధతి కలదు. కొందరు అనుభవజ్ఞులు తాము త్వరగా పోగలిగియు వేగము తగ్గించుకొని, చేత జెండా పట్టి, బలహీనులను గుంపుగా వెంటబెట్టుకొని నడిపింతురు. ఆ గుంపును అచటివారు 'బస్సు' అందురు. ఎచట నడువవలెనో, ఎచట పరుగెత్తవలెనో నాయకుడు చెప్పును. అందరును పాడుచు సాగుదురు. ఒంటరిగా కూలిపోవువారు కలసి గమ్యము చేరుదురు. సత్సంగమన నిదియే కదా!

అయితే ఈ పోలిక ఒకచోట ఆగిపోవును. అభ్యాసము మానినచో దేహబలము కొలది నెలలలోనే క్షీణించును. అయిదుసారులు ఆ పందెము గెలిచిన వాలీ హేవర్డ్, 1989లో ఎనుబదేండ్ల వయస్సున నాటి గడువునకు రెండు నిమిషములైన లేని వేళ ఎట్టకేలకు గీటు దాటెను. దేహమున కూర్చుకొన్నది దేహముతోనే తరిగిపోవును. సాధనఫలము అట్టిది కాదు. మేలు చేయువానికి దుర్గతి లేదనియు, యోగభ్రష్టుడు మరుజన్మమున పూర్వసంస్కారమునే ఆలంబనముగా గొని సిద్ధికై మరల యత్నించుననియు శ్రీకృష్ణుని అభయము. మన తుపాకి మృత్యువు. అదియు మన ముఖము చూచి పేలదు. కాని అది పేలినను పరుగు వ్యర్థము కాదు.

దీనిని సోమరితనమునకు సాకుగా గొనరాదు. విడిచినచోటునుండి ఆరంభింపవలెనన్నచో, కొంతదూరమైన నడచియుండవలెను గదా! "నేను చేరుదునా?" అను చింతను భగవంతునికి అప్పగించి, నేటి జపము నేడు ముగింపుడు. రేపటి తెల్లవారుజామున మరల లెండు. మన వంతు అంతియే.