సబర్, షుకర్ ఒకే పొద్దున

బిడ్డ పోతే మా ఇళ్లల్లో సబర్ చెయ్యమంటారు. బిడ్డ పుడితే షుకర్ చెయ్యమంటారు. కడుపులో ఇద్దరుండి, ఒకరు లోపలే పోయి, ఒకరు బతికి బయటికొస్తే ఏం చెయ్యమంటారు? షుకర్ అంటారు. అందరూ అదే అంటారు. అత్త అంటుంది, నర్సు అంటుంది. పక్క మంచం మీది పద్మశాలి ఆమె కూడా "ఒక్కడన్న దక్కిండు, దేవుడున్నడు" అంటుంది. అంతా మంచి మనసుతోనే. సబర్ మాట మాత్రం ఎవరి నోటా రాదు.

మేం దీని గురించి చాలా ఆలోచించాం. సబర్ చిన్న మాట కాదు. సబర్ చెయ్యమని చెప్పడమంటే నీది ఏదో పోయిందని ఎదుటివాళ్లు ఒప్పుకోవడం. పోలేదన్నప్పుడు సబర్ దేనికి? కాబట్టి షుకర్ ఒక్కటే చెప్పేవాళ్లు ఆ తల్లిని ఓదార్చడం లేదు. ఆమె లెక్క దిద్దుతున్నారు. రెండు కాదమ్మా, మొదట్నుంచీ ఒకటే అని.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సంగతి ఇది. 2016లో ఆ జిల్లాలు ముక్కలైనా మా బతుకులు ముక్కలు కాలేదు, అట్లనే ఉన్నాయి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, నిర్మల్‌లలో మగవాళ్లు దుబాయికో మస్కట్‌కో పోతే ఆడవాళ్లం బీడీలు చేస్తాం. కడుపుతో ఉన్నా చాట ఒళ్లోనే ఉంటుంది, అందులో తంబాకు. వెయ్యి బీడీలకింత అని కూలి. కట్టలో ఒక్క బీడీ తక్కువైతే కార్ఖానాలో పట్టుకుంటారు. అంత గట్టి లెక్కల మధ్య బతికే మాకు, ఒక బిడ్డ తక్కువైతే అది లెక్క కాదంటే నమ్మబుద్ధి కాదు.

వెనక దాయమ్మల కాలంలో ఈ దుఃఖం ఇట్లా ఉండేది కాదు. కొత్త నెలల్లో కొంచెం రక్తం కనపడేది, ఆగిపోయేది. నెలలు నిండినంక ఒక బిడ్డ పుట్టేది. ఇంకొకరు ఉండి పోయారని ఎవరికీ తెలిసేది కాదు. తొలి వారాల్లో పోయిన పిండం చాలాసార్లు ఒంట్లోనే కరిగిపోతుంది. కొంచెం పెద్దదై పోతే కరగదు. కాన్పు దాకా బతికిన బిడ్డ పక్కనే ఉండిపోయి, నొక్కుకుపోయి, కాగితంలా పలచబడి మాయతో బయటికొస్తుంది. దాయమ్మ దాన్ని చూసినా తల్లికి చెప్పేదో లేదో.

ఇప్పుడు స్కాన్ వచ్చింది. రెండో నెలలోనే "జుడ్వా" అని చెబుతారు. ఇల్లంతా పండగ. అయిదో నెల టిఫా స్కాన్‌లో డాక్టరమ్మ ఒకేచోట చాలాసేపు ఆగుతుంది. ఒక గుండె కొట్టుకుంటోంది, ఒకటి ఆగింది. మిషనే రెండని చెప్పింది, మిషనే ఒకటంది. అప్పటినుంచి నాలుగు నెలలు ఆ తల్లి బతికినవాణ్ని, పోయినవాణ్ని ఒకే కడుపులో మోస్తుంది. తీసెయ్యడానికి వీల్లేదు. ఎవరి మాయ వాళ్లకుంటే రెండోవాడికి చాలావరకు భయం లేదు. ఇద్దరిదీ ఒకే మాయ అయితే రక్తనాళాలు కలిసి ఉంటాయి. ఒకరి గుండె ఆగగానే బతికినవాడి రక్తం అటు జారి, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. అందుకని డాక్టర్లు కనిపెట్టి చూస్తారు. ఆమె కదలిక లెక్కపెట్టుకుంటుంది. గోద్ సే గోర్ తక్ అని మా పెద్దలు అంటారు, తల్లి ఒడి నుంచి సమాధి దాకా అని. ఆమెకు ఆ రెండూ ఒకచోటనే.

ఇక కాగితాల మాట. ఆసుపత్రి కార్డు మీద జి, పి, ఏ, ఎల్ అని రాస్తారు. ఎన్నిసార్లు కడుపొచ్చింది, ఎన్ని కాన్పులు, ఎన్ని కడుపులు పోయినయి, పిల్లలు ఎందరున్నారు అని. కవలలైనా కడుపు ఒకటే, కాన్పు ఒకటే. కాబట్టి మొదటి కాన్పుకే ఇట్లా జరిగిన తల్లి కార్డు మీద జి 1, పి 1, ఏ 0, ఎల్ 1 ఉంటుంది. ఒక్క బిడ్డనే మోసి, ఒక్క బిడ్డనే కన్న తల్లి కార్డుకూ దీనికీ ఒక్క అక్షరం తేడా లేదు. సర్కారు దగ్గర జనన మరణాల నమోదు చట్టం ఉంది, 1969 నాటిది. 28 వారాలు నిండాక కడుపులో పోతే మృతశిశువు అని రాసుకుంటుంది. ఇరవై వారాలకు పోతే అదీ లేదు.

మరి దీన్ ఏమంటుంది? మా మౌల్వీ సాబులు కూడా షుకర్‌తోనే సరిపెడతారు గానీ, పాత ఫిఖ్‌హ్ కితాబులు అంత తేలిగ్గా తీసుకోలేదు. మనిషి తల్లి కడుపులో నలభై నలభై రోజులుగా మూడు దశలు దాటాక ఫరిష్తా వచ్చి రూహ్ ఊదుతాడని బుఖారీ, ముస్లిం రెండింటిలో హదీసు ఉంది. 120 రోజులన్నమాట. నాలుగు నెలలు దాటి పోయిన బిడ్డకు స్నానం చేయించి, జనాజా నమాజు కూడా చదవమంటారు హంబలీలు. మా దిక్కు ఎక్కువమంది హనఫీలం. పుట్టి ఏడవని బిడ్డకు మాలో నమాజు లేదు. కానీ స్నానం ఉంది. బట్టలో చుట్టి దఫన్ చెయ్యడం ఉంది. పేరు పెట్టమన్న మాట కూడా ఉంది. ఈ చివరి సంగతి మా ఆడవాళ్లలో ఎందరికి ఎవరు చెప్పారు?

ఇంకొకటి. ఎవరైనా కొట్టి గర్భిణి కడుపు పోగొడితే గుర్రా అనే పరిహారం కట్టాలి. ఇద్దరు పోతే రెండు గుర్రాలు. ఖాజీ తక్కెడ దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ ఇద్దరే. ఏడుపు దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఒకరవుతారు?

మౌల్వీలను అడిగినట్టే బయటివాళ్లనూ అడగాలి. మా బిడ్డ పోయిందంటే మెజారిటీ నోట వచ్చే మాట మాకు తెలుసు. "మీకేం, మీకు మస్తు మంది పుడతరు." హమ్ పాంచ్, హమారే పచ్చీస్ అన్న ఎగతాళి వినని ముస్లిం ఆడది ఈ దేశంలో ఉండదు. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. 2019-21 సర్వేకు అది 2.4కు దిగింది. హిందూ స్త్రీకి 3.3 నుంచి 1.9. తేడా అరకు వచ్చింది. అయినా ఎగతాళి తరగలేదు. పుట్టేటప్పుడు మా పిల్లలు మరీ ఎక్కువగా లెక్కకొస్తారు, పోయేటప్పుడు అసలు లెక్కకు రారు. ఈ రెండూ ఒకే చూపు. గుంపుగా చూసేవాడికి ఒక్కడు కనపడడు.

ప్రగతిశీల మిత్రుల నుంచి వేరే అభ్యంతరం వస్తుంది. అది ఎగతాళి కాదు, నిజమైన ప్రశ్న. అయిదో నెల పిండానికి పేరు, సమాధి, ఏడుపు అన్నీ ఇస్తే అది మనిషని ఒప్పుకున్నట్టే గదా, రేపు గర్భస్రావం హక్కు మీదికి దాన్నే ఎత్తుకు రారా అని. 1971 చట్టం ఆడవాళ్లకు ఎంత అక్కరకొచ్చిందో మాకు తెలుసు. దాన్ని పోగొట్టుకోవడానికి మేం సిద్ధంగా లేం. మా జవాబు ఇది. వచ్చేవాణ్ని ఎదురుచూసి, రెండు కుల్లాలు కుట్టి పెట్టుకున్న తల్లికి ఇద్దరున్నారు. వద్దనుకున్న తల్లికి ఆ బంధం లేదు. ఎవరున్నారో చెప్పాల్సింది మోసిన మనిషి. చట్టమూ మౌల్వీ కాదు. అయితే వెంటనే ఇంకో ప్రశ్న లేస్తుంది. ఒకరి విలువ ఇంకొకరి కోరిక మీద నిలబడుతుందా? ఆడపిల్లను వద్దనుకునే ఇంట్లో దాని విలువ సున్నా అవుతుందా? స్కాన్‌లో ఆడా మగా చెప్పకూడదని 1994లో చట్టం చెయ్యాల్సి వచ్చిన దేశం మనది. కాబట్టి మా జవాబు సగమే. దుఃఖం వరకు తల్లి మాట చెల్లుతుందని మాత్రం గట్టిగా అంటాం. ఏడవడానికి ఎవరి ఫత్వా, ఏ సర్టిఫికెట్ అక్కర్లేదు.

నైజీరియాలో యోరుబా జనంలో కవలలు లోకంలో మరెక్కడా లేనంత ఎక్కువగా పుడతారు. ఒకరు పోతే చెక్కబొమ్మ చేయిస్తారు, ఇబేజీ అంటారు. తల్లి దానికి స్నానం చేయిస్తుంది, బట్ట కడుతుంది, తిండి పెడుతుంది. యోరుబాల్లో ముస్లింలు ఎందరో. కొన్ని పాత బొమ్మల ఒంటిమీద తావీజులు చెక్కి ఉంటాయి. పొణికి కర్రతో బొమ్మలు చేసే నిర్మల్ మాకు దగ్గర్లోనే ఉంది గానీ, మేం బొమ్మ అడగం. మా దీన్‌లో అది కుదరదు. కానీ పోయినవాడికి కూడా చెయ్యాల్సిన పని కొంత ఉంటుందని వాళ్లకు తెలిసింది, అది మాకు నచ్చింది. మా తల్లికి చెయ్యడానికి ఏమీ మిగల్చరు. ఆమె బతికిన బిడ్డకు పాలు పడుతుండగా మగవాళ్లు చిన్న మూటను తీసుకుపోతారు. ఆడవాళ్లం ఖబరస్తాన్‌కు పోం. ఎక్కడ పెట్టారో కూడా చెప్పరు. అడిగితే "మరిచిపో, పాలు ఇంకిపోతయ్" అంటారు.

పేరు పెట్టడం కొత్త సంగతేం కాదు. బీబీ ఫాతిమా కొడుకుల్లో హసన్, హుసేన్ అందరికీ తెలుసు. ముహ్సిన్ అని ఇంకొక పేరు ఉంది. కడుపులోనే పోయాడని షియాలంటారు, పసితనంలో పోయాడని సున్నీ కితాబుల్లో ఉంది. ఆ తగాదా ఇక్కడొద్దు. పెరగని బిడ్డ పేరు పధ్నాలుగు వందల ఏళ్లు నిలబడింది, అంతే మేం చెప్పేది.

హసన్, హుసేన్ నిజానికి కవలలు కారు, ఏడాది తేడా. అయినా మా దిక్కు మగ కవలలు పుడితే ముందు నోటికొచ్చేవి ఆ రెండు పేర్లే. పీర్ల పండక్కి దట్టీలు కట్టే హిందువుల ఇళ్లల్లోనూ ఆ పేర్లున్నాయి. హుసేన్ అనే పిల్లవాడు ఎదురైతే "హసన్ ఏడిరా?" అని నవ్వుతూ అడగడం ఊళ్లో అలవాటు. తల్లి పక్కనే ఉంటుంది. "ఉన్నడు, ఖబరస్తాన్‌ల, యాపచెట్టు కింద" అని ఆమె చెప్పగలగాలి. అందుకు ఆమెకు ఆ చెట్టు ఎవరైనా చూపించి ఉండాలి.